తాళం తిప్పినా పలకని వ్యాను

"ఒకటి, ఫిడేలు వ్యానులో దొరికింది. రెండు, తాళం వ్యానుకే ఉంది. మూడు, ఆ వ్యాను నడిపేవాడు ఒక్కడే." ఇన్‌స్పెక్టరు నాలుగో వేలు విప్పబోయి మళ్ళీ ముడిచాడు. "నాలుగోది అక్కర్లేదు. మూడింటికే కేసు అయిపోయింది."

"అయిపోయిన కేసుకి నన్నెందుకు పిలిచారో?" అంది అత్తగారు.

"నేను పిలవలేదమ్మా."

"నేనే పిలిచాను," అంది ఫిడేలమ్మ.

ఆవిడ కచేరీ హాలు మెట్ల మీద కాళ్ళు చాపుకుని కూర్చుంది. డెబ్భై ఒకటో ఏడు. యాభై ఏళ్ళుగా ఫిడేలు తప్ప మరోటి పట్టని మనిషి కావడంతో ఆవిడ అసలు పేరు జనం ఎప్పుడో మరిచిపోయారు. పొద్దున ఆ ఫిడేలు పోయింది, పది నిమిషాల్లో దొరికింది. దొంగ అని ఆవిడ డ్రైవర్ని పట్టుకుని ఆఫీసు గదిలో కూర్చోబెట్టారు. పదకొండింటికి కచేరీ.

"మా డ్రైవర్ని వదిలేదాకా నేను తీగ ముట్టను. అయిదొందల మంది వస్తారు. మీరే స్టేజీ ఎక్కి ఏదో ఒకటి పాడేయండి ఇన్‌స్పెక్టరుగారూ," అని ఫిడేలమ్మ నవ్వింది.

ఇన్‌స్పెక్టరు నవ్వలేదు. గడియారం చూసుకున్నాడు. తొమ్మిదీ ఇరవై. "పదిదాకా టైమిస్తున్నాను. పదింటికి వాణ్ణి జీపెక్కిస్తా."

అత్తగారు అంటే ఊరందరికీ కాదు, పక్కనే తెల్లచొక్కాతో, నోటు పుస్తకంతో నిలబడ్డ అల్లుడికి. ఊళ్ళోవాళ్ళకు ఆవిడ డిటెక్టివు. అంతకుముందు ఇరవై రెండేళ్ళు బండ్లకు కరెంటు పని చేసే షాపు నడిపింది. ఆ షాపులోనే ఇప్పుడు డిటెక్టివు బోర్డు వేలాడుతోంది. అల్లుడు ఇళ్ళ ప్లాన్లు గీస్తాడు, సెలవు దొరికితే ఆవిడ వెంట తిరుగుతాడు. ఆవిడ అల్లుణ్ణి ఏనాడూ 'నువ్వు' అనలేదు. ఎంత చెడ్డ పనైనా మర్యాదగానే చెప్తుంది. మర్యాద ఎంత పెరిగితే పని అంత ఘోరంగా ఉంటుందని పెళ్ళయిన ఏడాదికే అతనికి తెలిసిపోయింది.

"ముందు టైములు చెప్పండి," అంది అత్తగారు.

హాలు మేనేజరు ముందుకొచ్చాడు. పొడుగాటి మనిషి, ఇస్త్రీ మడత చెదరని చొక్కా, నోరు తెరిచే ముందు రుమాలుతో పెదాలు అద్దుకునే అలవాటు. ఆ ఉద్యోగంలో చేరి ఆరు నెలలు.

"ఎనిమిదీ అయిదుకి వ్యాను వచ్చిందండి. ఫిడేలు పెట్టె వెనక గదిలో పెట్టించాను. డ్రైవరు తాళం ఆఫీసులో మేకుకి తగిలించి బయటికెళ్ళాడు. ఎనిమిదిన్నరకి అమ్మగారు మైకులు చూసుకోడానికి స్టేజీ మీదికొచ్చారు. ఎనిమిదీ నలభైకి మళ్ళీ గదికెళ్తే పెట్టె లేదు. అందరం తలో వైపు వెతికాం. ఎనిమిదీ యాభైకి వ్యానులో, డ్రైవరు పక్క సీటు మీద, నాకే కనబడింది."

"తాళం?"

"వ్యానుకే ఉంది. లోపల ఎర్ర లైట్లు వెలుగుతున్నాయి. నేనేదీ ముట్టుకోలేదు. పోలీసులకి ఫోన్ చేశాను."

"చాలా పద్ధతిగా చేశారు."

మేనేజరు రుమాలు తీశాడు.

ఇన్‌స్పెక్టరు అత్తగార్ని పక్కకు పిలిచాడు. గొంతు తగ్గించాడు గానీ అందులో సంబరం తగ్గలేదు. "మీకో సంగతి చెప్తా, బయటపెట్టకండి. ఆ వ్యాను లేవదు. నేనే కూర్చుని మూడుసార్లు తిప్పాను. కిక్కురుమనలేదు. వాడు ఫిడేలు పెట్టుకుని ఉడాయిద్దామనుకున్నాడు, బండి మొరాయించింది. ఏం చేయాలో తోచక ఎదురుగా టీ బడ్డీ దగ్గరికి పోయి ఏమీ ఎరగనట్టు కూర్చున్నాడు. బండి లేవలేదని మనకి తెలుసని వాడికి తెలీదు. కోర్టులో అదే నా తురుపుముక్క."

"పారిపోలేదేం అని అడిగారా?"

"అడిగాను. ఎక్కడికండీ అన్నాడు. ఎంత గుండెలు తీసిన బంటో చూడండి!"

టీ బడ్డీ గేటుకి ఎదురుగా ఉంది. దాన్ని నడిపే ఆమె వీళ్ళను చూడగానే నడుం మీద చేతులు పెట్టుకుంది. "ఎనిమిదీ పదికి వచ్చాడు పిన్నిగారూ. పోలీసులొచ్చి లేపేదాకా ఆ బల్ల మీంచి లేస్తే ఒట్టు. రెండు టీలు, మూడు బిస్కెట్లు, అంతులేనన్ని కబుర్లు."

"ఈవిడ వాడికి వరసకి చెల్లెలు. సాక్ష్యం చెల్లదు," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"వరసలే కలపాలంటే మీరూ మా మేనత్త తోడికోడలికి తమ్ముడవుతారు. మీ మాటా చెల్లదు మరి."

అల్లుడు ఆ వరస రాసుకుని, మళ్ళీ చదువుకుని, కొట్టేశాడు.

ఆఫీసు గదిలో డ్రైవరు కుర్చీ అంచున కూర్చున్నాడు. పొట్టివాడు, కాళ్ళు నేలకు సరిగా ఆనడం లేదు. అత్తగార్ని చూసి లేవబోతే కానిస్టేబులు భుజం నొక్కాడు.

"నేను దొంగనా అమ్మా? తొమ్మిదేళ్ళుగా ఆ పెట్టె మోస్తున్నాను. మా పిల్లల్ని కూడా అంత జాగ్రత్తగా ఎత్తుకోలేదు."

"మూడు ముక్కలు అడుగుతాను, అవే చెప్పు నాయనా. నీ బండి మంచిదేనా?"

ఆ కష్టంలోనూ అతని మొహం విప్పారింది. "బంగారమమ్మా. చలికాలమైనా, వానైనా, ఒక్క తిప్పుకి లేస్తుంది."

ఇన్‌స్పెక్టరు అత్తగారి వైపు కనుబొమలు ఎగరేశాడు, చూశారా అబద్ధం అన్నట్టు.

"ముందు అద్దం ఎప్పుడు తుడిచావు?"

"రాగానే. బండి ఆపితే తుడవాల్సిందే, అదో జబ్బు నాకు."

"నువ్వు కాక ఇంకెవరు నడుపుతారు?"

"ఎవరికీ ఇవ్వనమ్మా. బామ్మర్ది అడిగినా ఇవ్వక, రెండేళ్ళు మాటల్లేకుండా ఉన్నాం."

అత్తగారు లేచింది. "ఇక బండిని అడుగుదాం."

వ్యాను హాలు ప్రహరీ పక్కన, గేటు వైపు మొహం పెట్టి ఉంది. ఇద్దరు రంగులవాళ్ళు నిచ్చెనలెక్కి గోడకున్న పాత సున్నం గీకుతున్నారు. తెల్లటి పొడి మంచులా రాలుతోంది. వ్యాను కప్పు మీద, బానెట్ మీద పల్చగా పరుచుకుంది. ముందు అద్దం మీద కూడా పడింది. కానీ అద్దం మధ్యలో రెండు చోట్ల, విసనకర్ర విప్పినట్టుగా, ఆ పొడి చెదిరిపోయి ఉంది. చెదిరినచోట మళ్ళీ కొత్త పొడి కొంచెం పడింది.

"గీకడం ఎన్నింటికి మొదలుపెట్టారు బాబూ?" అని అత్తగారు తలెత్తి కేకేసింది.

"ఎనిమిదింబావుకి నిచ్చెనెక్కామండీ! అప్పట్నుంచి మొహం గోడకే, వెనకెవరొచ్చారో చూడలేదు!"

"వైపర్లు మీరు తిప్పారా?" అని ఇన్‌స్పెక్టర్ని అడిగింది.

"తాళం తప్ప నేనేదీ ముట్టుకోలేదు. వానా చినుకా, వైపర్లు ఎందుకు?"

"అదే నేనూ అనుకుంటున్నాను. అల్లుడుగారూ, ఈ గీతలు ఉన్నవి ఉన్నట్టు గీయండి."

అతను గీశాడు. ఆవిడ డ్రైవరు సీటులో కూర్చుంది. గేరు న్యూట్రల్లో ఉందో లేదో కదిపి చూసింది. క్లచ్ తొక్కి తాళం తిప్పింది. ముందున్న ఎర్ర లైట్లు నిండుగా వెలిగాయి. ఇంకాస్త తిప్పింది. ఏమీ లేదు. ఇంజను గొణగలేదు, మూలగలేదు. హెడ్‌లైట్లు వేసి మళ్ళీ తిప్పింది. ఎదురుగా గేటు మీద పడ్డ వెలుగు రవ్వంత కూడా తగ్గలేదు. హారన్ కొట్టింది. నిచ్చెన మీద ఉన్నవాడు గీకే బిళ్ళ జారవిడిచాడు.

"సెల్ఫ్ కాలిపోయింది," అని తేల్చేశాడు ఇన్‌స్పెక్టరు.

"బ్యాటరీ పడిపోతే లైట్లు మసకబారతాయి, టకటకమని చప్పుడొస్తుంది. సెల్ఫ్ పట్టేస్తే ఠక్కున ఒక్క దెబ్బ వినబడి లైట్లు కుంగుతాయి. ఇక్కడ రెండూ లేవు." ఆవిడ కిందికి దిగి సంచీలోంచి వైర్లున్న చిన్న బల్బు తీసింది. ఫ్యూజులన్నీ చూసింది. అన్నీ బాగున్నాయి. అప్పుడు అల్లుడి వైపు తిరిగింది.

"అల్లుడుగారూ, తమరికి మరీ శ్రమ అనుకోకపోతే..."

'తమరు' వినగానే అతనికి అర్థమైపోయింది. తెల్లచొక్కా వైపు ఒకసారి జాలిగా చూసుకుని, వ్యాను కిందికి దూరాడు.

"గుండ్రంగా, పిడికిలిలో మూడింతలుంటుంది. అదే ఇంజన్ని లేపే సెల్ఫ్ మోటారు. దానికి లావు బోల్టొకటి, సన్న పిన్నొకటి ఉంటాయి. ముందు లావు దానికి బల్బు తాకించండి."

"వెలిగింది అత్తయ్యగారూ!"

"బ్యాటరీ కరెంటు అక్కడిదాకా వస్తోందన్నమాట. ఇప్పుడు సన్న పిన్నుకి. ఇన్‌స్పెక్టరుగారూ, తాళం తిప్పండి."

కేసు అయిపోయిందన్న ఇన్‌స్పెక్టరు, ఎందుకు ఎక్కుతున్నాడో తనకే తెలియకుండా సీటెక్కి తాళం తిప్పాడు.

"వెలగలేదు!"

"తాళం తీసి నాకివ్వండి. అల్లుడుగారూ, ఈ వైరు తీసుకోండి. ఒక కొస లావు బోల్టుకి, ఇంకో కొస పిన్నుకి ఒక్కసారి తాకించి తీసేయండి. చిన్న నిప్పురవ్వ వస్తుంది, భయపడకండి."

"నిప్పురవ్వ వస్తుందని చెప్పి భయపడొద్దంటే ఎలా అండీ?"

గిర్రున తిరిగింది మోటారు. వ్యాను మొత్తం ఒళ్ళు విరుచుకున్నట్టు ఊగింది. కింద నుంచి అల్లుడి కేకా, పైనుంచి రంగులవాళ్ళ చప్పట్లూ ఒకేసారి వినిపించాయి.

"చూశారుగా. సెల్ఫ్ భేషుగ్గా ఉంది." అత్తగారి కళ్ళు మెరిశాయి. "మనిషి ఇంట్లోనే ఉన్నాడు, కడుపునిండా తిన్నాడు, చెవులూ బాగానే ఉన్నాయి. పిలుపే అందట్లేదు. మధ్యలో ఎవరో ఆపుతున్నారు. ఆ సన్న వైరు ఎటు పోతోందో చూడండి అల్లుడుగారూ."

"నల్ల వైరుకి మధ్యలో ఆకుపచ్చది అతుకేశారండీ. టేపు చుట్టారు. అది నేల కన్నంలోంచి పైకి పోతోంది."

ఆవిడ ఒంగి డ్రైవరు సీటు కింద చెయ్యి పెట్టింది. మడిచి దోపిన గోనెపట్టా తగిలింది. దాని వెనక వేళ్ళకు ఇంకేదో తగిలింది. ఆవిడ దాన్ని కదపలేదు. పట్టా మళ్ళీ ఎప్పటిలాగే దోపి, చేతులు దులుపుకుని దిగింది. మొహం మాత్రం, దాచుకుందామన్నా దాగకుండా, నవ్వుతోంది.

"తొమ్మిదీ నలభై ఎనిమిది," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "బండి రిపేరుకొచ్చారా, కేసు చూడ్డానికొచ్చారా? ఒకటి, నేను చదువుకున్నది నేరాలు, మోటార్లు కాదు. రెండు, బండి ఎందుకు లేవలేదన్నది నాకనవసరం. మూడు..."

"మూడోది నేను చెప్తాను. బండికి రిపేరే లేదు."

"లేవని బండికి రిపేరు లేదా!"

"పన్నెండు నిమిషాలుంది కదా. నా ముచ్చట తీర్చండి. ఇక్కడున్నవాళ్ళు ఒక్కొక్కరే ఎక్కి, దీన్ని స్టార్ట్ చేసి గేటు దాటించి ఎడమకి తిప్పాలి. ఎవరు లేపితే వాళ్ళ మాటే నెగ్గినట్టు. ముందు మీరు."

ఇన్‌స్పెక్టరు తల విదిలించి ఎక్కాడు, తిప్పాడు, దిగాడు. "అయిందా?"

"మేనేజరుగారూ, మీరు."

"నేనెందుకండీ? నాకు వ్యానులు అలవాటు లేదు."

"కారు నడుపుతారుగా. అదీ ఇదీ ఒకటే."

మెట్ల మీద నుంచి ఫిడేలమ్మ కూడా, "ఎక్కవయ్యా, నీదేం పోయింది," అంది. రుమాలు జేబులో పెట్టుకుని మేనేజరు ఎక్కాడు. క్లచ్ తొక్కాడు. తాళం సగం తిప్పాడు. ఎడమకి వెళ్ళాలన్నారు కదా, ఎడమచెయ్యి దానంతటదే స్టీరింగు పక్కనున్న పుల్లని కిందికి నొక్కింది.

వైపర్లు లేచాయి. కిర్రుమంటూ పొడి అద్దం మీద అటొకసారి, ఇటొకసారి తిరిగాయి. సరిగ్గా ఆ పాత విసనకర్రల మీదే.

అందరూ ఘొల్లున నవ్వారు. మేనేజరూ నవ్వాడు. "మా కారులో ఇండికేటరు ఎడమవైపుంటుందండీ. ఇందులో తారుమారు." తొందరగా వైపర్లు ఆపి, తాళం తిప్పి, లేవడం లేదని చేతులు చూపించి దిగిపోయాడు. అత్తగారొక్కత్తే నవ్వలేదు. అల్లుడు తను గీసిన బొమ్మ వైపు చూశాడు, ఆవిడ వైపు చూశాడు. ఆవిడ ఉండమన్నట్టు కళ్ళతోనే చెప్పింది.

"ఇక డ్రైవర్ని తీసుకురండి. ఎవరూ ఏమీ చెప్పకండి."

కానిస్టేబులు పట్టుకొచ్చాడు. అతను బిత్తరచూపులు చూస్తున్నాడు.

"నాయనా, జీపుకి అడ్డంగా ఉందట. బండి కాస్త గేటు బయటికి తీయి."

ఆ మాట వినగానే అతను మళ్ళీ డ్రైవరయిపోయాడు. ఎక్కి కూర్చున్నాడు. సీటు కాస్త ముందుకి జరుపుకున్నాడు. అద్దం మీద పొడి చూసి 'అయ్యో' అనుకున్నాడు. ఎడమచెయ్యి సీటు కిందికి పోయింది, టక్కుమంది. కుడిచెయ్యి తాళం తిప్పింది.

ఒక్క తిప్పు. ఇంజను లేచింది.

ఇన్‌స్పెక్టరు పరుగున పోయి కిటికీ పట్టుకున్నాడు. "ఏం చేశావు? ఇప్పుడేం చేశావు?"

"స్టార్ట్ చేశానండి."

"సీటు కింద!"

"ఓ, అదాండీ?" అతను పట్టా తీసి చూపించాడు. ఇళ్ళలో గోడకుండే ఫ్యాను స్విచ్చి, పసుపు రంగుకి తిరిగింది. "రెండేళ్ళ కిందట బండి ఎవరో ఎత్తుకుపోయారండి. ఊరి బయట దొరికింది. అప్పట్నుంచి మా ఇంట్లో పాత స్విచ్చి తెచ్చి బిగించుకున్నాను. ఇది నొక్కకపోతే సెల్ఫ్ ఎత్తదు. నాకూ మా ఆవిడకీ తప్ప తెలీదు."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"మీరు ఫిడేలెందుకు తీశావనే అడిగారండి. స్విచ్చి సంగతి అడగలేదుగా."

అత్తగారు నెమ్మదిగా వచ్చి పక్కన నిలబడింది. "ఎనిమిదింబావు తర్వాత ఎవరో ఈ సీటులో కూర్చుని, తాళం తిప్పి, బండి లేవక వదిలేసి పోయారు. ఎవరైనా కావచ్చు ఇన్‌స్పెక్టరుగారూ. దీన్ని లేపడం చేతకానివాళ్ళు ఎవరైనా. ఇక్కడున్నవాళ్ళలో దీన్ని లేపగలిగినవాడు మాత్రం ఒక్కడే. అతన్నే మీరు పట్టుకున్నారు."

ఇన్‌స్పెక్టరు కిటికీ వదిలాడు. మొండివాడే కానీ చెడ్డవాడు కాదు. టోపీ తీశాడు. "ఒకటి, తప్పు నాది," అన్నాడు. వేలు అలాగే పట్టుకుని ఆలోచించాడు. "రెండు లేదు." డ్రైవరు చెయ్యి పట్టుకుని గట్టిగా ఊపాడు.

తర్వాత అయిదు నిమిషాలు అక్కడ ఎవరి మాట ఎవరికీ వినబడలేదు. రంగులవాళ్ళు నిచ్చెన దిగి వచ్చారు. టీ బడ్డీ ఆమె గ్లాసుల బుట్టతో రోడ్డు దాటి వచ్చి, వరసలు చూడకుండా అందరికీ టీ ఇచ్చింది. మొదటి గ్లాసు ఇన్‌స్పెక్టరుకే ఇచ్చి, "తాగండి తమ్ముడుగారూ," అంది. డ్రైవరు అద్దం తుడుస్తూ ఏడుస్తున్నాడు, నవ్వుతున్నాడు. ఫిడేలమ్మ అతని తల మీద ఒక మొట్టికాయ వేసి, "స్విచ్చి సంగతి నాకూ చెప్పలేదే వెధవా," అంది. అల్లుడి చొక్కా ముందు తెలుపు, వెనక నలుపు.

"నా పెట్టె ఇవ్వండి," అంది ఫిడేలమ్మ. ఇన్‌స్పెక్టరు వేసిన లక్క ముద్ర ఆయనే విప్పాడు. ఆవిడ మూత తెరిచి, గోటితో తీగ ఒకటి మీటి, పకపకా నవ్వింది.

"ఇప్పుడు చెప్పొచ్చు. దీన్ని ఎత్తుకుపోయినవాడు ఎంత ఏడవాలో! ఇది నేను చిన్నప్పుడు నేర్చుకున్న డొక్కు ఫిడేలండీ. అసలుది ఎప్పుడూ ముందు రాదు. పదిన్నరకి మా అక్క తెస్తుంది. ఈ పాతికేళ్ళలో ఈ సంగతి మా ఇద్దరికి తప్ప మూడో మనిషికి తెలీదు. ఇందాకే చెప్తే దొంగ జాగ్రత్తపడతాడని ఊరుకున్నాను."

"అసలుది ఇప్పుడెక్కడుంది?" అత్తగారి గొంతు మారింది.

"ఇంట్లోనే, అక్క మంచం కింద..."

ఆవిడకే నాలుక్కరుచుకోవాలనిపించింది. అత్తగారు అప్పటికే వెనక్కి తిరిగింది. మెట్ల మీద టీ గ్లాసు ఉంది. సగం కూడా తాగలేదు. మేనేజరు లేడు. గేటు దగ్గర పొడుగాటి కారు ఒకటి ఎడమకి తిరుగుతోంది.

"పట్టుకోండి! దొంగ ఆయనే!" అని అత్తగారు అరిచింది. "వైపర్లు గుర్తున్నాయా? రుజువుకి అవొక్కటే చాలవని ఇందాక ఆగాను. పొద్దున ఈ సీటులో కూర్చున్నవాడు బయల్దేరబోతూ ఇండికేటరు అనుకుని వైపర్లు తిప్పాడు. ఫిడేలు వ్యానులో రెండు వీధుల అవతలికి చేర్చి దాచి, బండి అక్కడే వదిలి తను తిరిగొచ్చేస్తే, నింద డ్రైవరు మీదే పడేది! బండి లేవలేదు. అందుకని తనకే దొరికినట్టు నాటకమాడాడు."

ఇన్‌స్పెక్టరు ఒక్క ఉరుకులో జీపెక్కాడు. తాళం తిప్పాడు. టకటకటకటక. పొద్దుట్నుంచి హెడ్‌లైట్లు వెలుగుతూనే ఉన్నాయి. మళ్ళీ తిప్పాడు. టక. టక.

"దానికి పిలుపు అందింది. లేవడానికే ఓపిక లేదు," అంది అత్తగారు, అప్పటికే వ్యాను మెట్టు మీద నిలబడి. "బ్యాటరీ. రండి, ఇందులోకి రండి!"

డ్రైవరు పక్కన ఫిడేలమ్మ, వెనక అత్తగారూ అల్లుడూ, వాళ్ళిద్దరి మధ్య పట్టీపట్టకుండా ఇన్‌స్పెక్టరు. తలుపు పూర్తిగా పడకముందే వ్యాను రోడ్డెక్కింది. డ్రైవరు ఇంత సంతోషంగా బండి నడపడం ఫిడేలమ్మ తొమ్మిదేళ్ళలో చూడలేదు. ఆవిడ అక్కకి ఫోన్ చేసింది. మోగింది, ఎత్తలేదు. మళ్ళీ చేసింది.

"అక్కకి కాస్త చెవుడు," అంది. ఇంకోసారి నంబరు నొక్కింది. "ఎవరొచ్చినా తలుపు తీస్తుంది. ఎవరొచ్చినా దానికి చుట్టాలే."

మూడోసారికి ఫోనెత్తింది అక్క. ఫిడేలమ్మ అందరికీ వినబడేలా పెట్టి, గొంతు చించుకుని అరిచింది. "అక్కా! మా మేనేజరొస్తున్నాడు! తలుపు తీయకు!"

"ఇప్పుడే తీశానే. పాపం రొప్పుతున్నాడు. మంచినీళ్ళిచ్చి గదిలో కూర్చోబెట్టాను. బయట గొళ్ళెం పెట్టేశాన్లేవే, కిందికి ఒంగి మంచాల కింద చూస్తున్నాడు, నాకు నచ్చలేదు."

వ్యానులో ఒక్కసారిగా ఊపిరి వదిలిన చప్పుడు. ఇన్‌స్పెక్టరు చప్పట్లు కొట్టబోయాడు, చేతులు రాలేదు. "సెభాషమ్మా!" అని మాత్రం అరిచాడు. అల్లుడు నవ్వాడు. డ్రైవరు హారన్ మోగించాడు.

"నువ్వు దేవతవే అక్కా! ఫిడేలు మాత్రం ఎవరికీ ఇవ్వకు. మేమొచ్చేదాకా గుండెలకి హత్తుకుని కూర్చో."

"ఇవ్వడానికి నా దగ్గరుంటే కదే!" అక్క గొంతు విసుగ్గా వినిపించింది. "పొద్దున పంపించావు కదా నీ శిష్యురాల్ని. చక్కని పిల్ల. నీ చేతిరాతతో చీటీ కూడా తెచ్చింది. తీసి ఇచ్చేశాను. మళ్ళీ ఇప్పుడు ఈయన. ఒక్క ఫిడేలుకి ఎంతమందిని పంపుతావే?"

డ్రైవరు చెయ్యి హారన్ మీద నుంచి జారింది.

"నాకు శిష్యులే లేరక్కా," అంది ఫిడేలమ్మ, అరవకుండా. అంత చిన్న గొంతు అక్కకి వినబడదు. వ్యానులో ఉన్న నలుగురికీ వినబడింది. "ఇరవై ఏళ్ళయింది, ఎవరికీ నేర్పక."

అత్తగారు ముందుకి ఒంగి ఫోను అందుకుంది. "ఎన్నింటికొచ్చిందమ్మా ఆ పిల్ల?" అని గట్టిగా అడిగింది.

"ఎనిమిదిన్నరకి. గడియారం కొట్టింది, నేను తలుపు తీశాను."

అల్లుడు నోటు పుస్తకం తిరగేసి ఆ టైము మీద వేలు పెట్టాడు. ఎనిమిదిన్నర. హాల్లో మేనేజరు, అది పనికిరాని డొక్కు ఫిడేలని తెలియక, పెట్టె చంకన పెట్టుకుని ఈ వ్యాను వైపు నడుస్తున్న నిమిషం. ఇద్దరక్కచెల్లెళ్ళకి తప్ప తెలియదన్న సంగతి మూడో మనిషికెవరికో తెలుసు.

"నాయనా," అంది అత్తగారు డ్రైవరుతో, "ఇంకొంచెం తొక్కు."